పంజరం ఖాళీ చేస్తే సరిపోదు: ఖనిజాల నుంచి అర్ధవాహక ఎలక్ట్రైడ్‌ల రూపకల్పన

ఎలక్ట్రైడ్‌ల మీద వెలువడుతున్న గణన పరిశోధనలను కొన్నేళ్లుగా చదువుతూ, వీలున్నప్పుడల్లా అలాంటి లెక్కలు చేస్తూ వస్తున్న నాకు ఒక విషయంలో అభిప్రాయం గట్టిపడింది. స్ఫటికంలోని ఖాళీ చోటులో ఎలక్ట్రాన్ నిలిచి ఉందని కంప్యూటర్ తెరమీద చూపించడం రూపకల్పనలో మొదటి మెట్టు మాత్రమే. ఆ చోటులో అంతకుముందున్న అయాన్ ఏ దారిన బయటికి పోతుందో, అది పోయాక అక్కడికి ఇంకేదీ చేరకుండా ఎలక్ట్రానే ఎందుకు మిగులుతుందో లెక్కగట్టినప్పుడే దానికి రూపకల్పన అనే పేరు తగుతుంది. అర్ధవాహక ఎలక్ట్రైడ్‌లకు ఈ పని చేయాలంటే ఖనిజాల నిర్మాణాలతో మొదలుపెట్టడం మేలని కూడా నా వాదన. కారణాలు ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందుగా ఎలక్ట్రైడ్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. మామూలు ఉప్పులో సోడియం ధనావేశంతోనూ క్లోరిన్ రుణావేశంతోనూ ఉంటాయి. రుణావేశం గల అయాన్‌ను, అంటే ఆనయాన్‌ను తీసేసి దాని స్థానంలో ఏ పరమాణువుకూ చెందని ఎలక్ట్రాన్‌ను నిలబెట్టగలిగితే వచ్చే పదార్థమే ఎలక్ట్రైడ్. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో జేమ్స్ డై బృందం 1983లో మొదటి స్ఫటిక ఎలక్ట్రైడ్‌ను ప్రకటించింది. ఒక్కో సీసియం అయాన్‌ను ఉంగరం ఆకారంలో ఉండే రెండు క్రౌన్ ఈథర్ అణువులు రెండు వైపులా కమ్ముకోగా, సీసియం వదులుకున్న ఎలక్ట్రాన్ స్ఫటికంలోని ఖాళీల్లో చేరింది. ఆ పదార్థం సున్నాకు దిగువ 40 డిగ్రీల సెల్సియస్ దాటితే విచ్ఛిన్నమైపోయేది. గాలి, తేమ తగిలితే నిలిచేది కాదు. ఆ తరవాత ఇరవై ఏళ్లపాటు ఎలక్ట్రైడ్‌లు అతిశీతల పరిస్థితుల్లో మాత్రమే బతికే వింత పదార్థాలుగా మిగిలిపోయాయి.

2003లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హిదెయో హొసోనో, సతోరు మత్సుయిషి, వారి సహచరులు గది ఉష్ణోగ్రత వద్ద నిలిచే ఎలక్ట్రైడ్‌ను తయారుచేశారు. అందుకు వాళ్లు ఎంచుకున్నది సిమెంటు రసాయనంలో ఎప్పటినుంచో పరిచయమున్న కాల్షియం అల్యూమినేట్. జర్మనీలోని ఐఫెల్ అగ్నిపర్వత ప్రాంతంలో, మాయెన్ పట్టణం సమీపంలో దొరికి, 1964లో వర్ణితమైన మాయెనైట్ అనే ఖనిజానికి ఉన్న నిర్మాణమే దీనికీ ఉంది. పరిశోధనా పత్రాల్లో దీన్ని సి12ఎ7 అని క్లుప్తంగా రాస్తారు. పన్నెండు కాల్షియం ఆక్సైడ్‌లు, ఏడు అల్యూమినియం ఆక్సైడ్‌లు కలిసిన సంయోగమన్న మాట.

దీని నిర్మాణాన్ని కొంచెం దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే తరవాత వచ్చే వాదనంతా ఇక్కడి నుంచే పుట్టింది. ఒక్క యూనిట్ సెల్‌లో, అంటే స్ఫటికంలో పదేపదే తిరిగి వచ్చే చిన్న భాగంలో, ఇరవై నాలుగు కాల్షియం, ఇరవై ఎనిమిది అల్యూమినియం, అరవై నాలుగు ఆక్సిజన్ పరమాణువులు కలిసి పన్నెండు పంజరాలను కడతాయి. ఒక్కో పంజరం లోపలి వ్యాసం సుమారు 0.4 నానోమీటర్లు. ఈ చట్రానికి మొత్తంగా నాలుగు యూనిట్ల ధనావేశం ఉంటుంది కాబట్టి, దాన్ని సమం చేయడానికి పన్నెండు పంజరాల్లో ఏవో రెండింటిలో ఒక్కొక్క ఆక్సైడ్ అయాన్ వదులుగా కూర్చుని ఉంటుంది. హొసోనో బృందం ఈ స్ఫటికాన్ని కాల్షియం లోహంతో కలిపి సిలికా గొట్టంలో మూసి, 700 డిగ్రీల సెల్సియస్ వద్ద రోజుల తరబడి వేడిచేసింది. పంజరాల్లోని ఆక్సిజన్ ఉపరితలానికి వచ్చి కాల్షియంతో కలిసిపోయింది. ఒక్కో ఆక్సైడ్ అయాన్ వెళ్తూ రెండేసి ఎలక్ట్రాన్లను పంజరాల్లో వదిలింది. రంగులేని స్ఫటికం మొదట ఆకుపచ్చగా, చివరికి నల్లగా మారింది. ఘన సెంటీమీటరుకు దాదాపు 2×10²¹ ఎలక్ట్రాన్లు పంజరాల్లో చేరాయి. ఆ పదార్థపు పని ప్రమేయం, అంటే ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన శక్తి, సుమారు 2.4 ఎలక్ట్రాన్ వోల్ట్‌లని తరవాత కొలిచారు. పొటాషియం లోహపు విలువకు అది దగ్గరగా ఉంటుంది, కానీ పొటాషియంలా గాలి తగలగానే పాడైపోదు. దానిమీద రుథేనియం కణాలను పరిచి 2012లో అమ్మోనియా తయారీకి ఉత్ప్రేరకంగా చూపించారు.

ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆక్సిజన్ బయటికి వెళ్లిన తీరు. 700 డిగ్రీల వద్ద పంజరం కూలిపోలేదు. ఆక్సైడ్ అయాన్ మాత్రం కదిలి బయటపడింది. అతిథి కదులుతుంది, ఇల్లు నిలుస్తుంది. ఈ రెండు గుణాలూ ఒకే స్ఫటికంలో కలవడం అరుదు. ఖనిజాల్లో మాత్రం అలాంటి నిర్మాణాలు కుటుంబాలుగా ఉన్నాయి: సోడలైట్‌లో క్లోరైడ్, అపటైట్ కాలువల్లో ఫ్లోరైడ్, క్లోరైడ్ లేదా హైడ్రాక్సైడ్, మాయెనైట్ బంధువర్గంలో క్లోరైడ్ లేదా ఆక్సైడ్. ఈ చట్రాల్లో ఒక అతిథి బదులు మరొకటి చేరినా నిర్మాణం చెక్కుచెదరదని ప్రకృతే మనకు నమూనాలతో చూపించింది. లాపిస్ లాజులీ రాతిలోని గాఢ నీలం కూడా సోడలైట్ తరహా పంజరంలో చిక్కిన సల్ఫర్ రాడికల్ అయాన్ ఇచ్చినదే. కంప్యూటర్‌లో శూన్యం నుంచి ఊహించిన నిర్మాణానికి ఇలాంటి సాక్ష్యం ఉండదు.

అంతేకాదు, ఖాళీ చోటులో ఎలక్ట్రాన్ నిలవడాన్ని కూడా ఖనిజం తనంతట తాను చూపిస్తుంది. సోడలైట్‌లో సల్ఫర్ కలిసిన రకమైన హాక్మనైట్‌ను అతినీలలోహిత కాంతిలో ఉంచితే గులాబీ రంగు లేదా ఊదా రంగులోకి మారుతుంది. తెల్లని వెలుతురులో పెడితే మళ్లీ పాలిపోతుంది. క్లోరిన్ లేని ఒక పంజరంలోకి సల్ఫర్ నుంచి విడివడిన ఎలక్ట్రాన్ వచ్చి చేరడం వల్లే ఆ రంగు వస్తుంది. ఎక్కడో ఒక పంజరంలో, తాత్కాలికంగా, ఒక్క ఎలక్ట్రాన్: ఎలక్ట్రైడ్‌కు ఇది తొలి రూపం. ప్రతి పంజరంలోనూ, శాశ్వతంగా అలా జరిగేలా చేయగలమా అన్నదే రూపకర్తల ముందున్న ప్రశ్న.

ఇక అర్ధవాహకత్వం. ఇప్పటివరకు బాగా పేరొచ్చిన ఎలక్ట్రైడ్‌లలో చాలా వరకు లోహాల్లా ప్రవర్తిస్తాయి. 2013లో హొసోనో బృందమే ప్రకటించిన కాల్షియం సబ్‌నైట్రైడ్‌లో పొరల మధ్య ఎలక్ట్రాన్లు రెండు దిశల్లో స్వేచ్ఛగా పారుతాయి. ఖాళీలో ఉన్న ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచే కేంద్రకం లేదు కాబట్టి దాని తరంగ ప్రమేయం విశాలంగా పరుచుకుని, పక్క ఖాళీలోని దానితో కలిసి వెడల్పైన శక్తి పట్టీగా, అంటే ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల శ్రేణిగా మారుతుంది. ఆ పట్టీ సగంలోనే నిండితే లోహం తయారవుతుంది. అర్ధవాహకం కావాలంటే నిండిన పట్టీకీ ఖాళీ పట్టీకీ నడుమ నిషిద్ధ శక్తి అంతరం తెరుచుకోవాలి. ఆ అంతరం ఉన్నప్పుడే వాహకత్వాన్ని మన చెప్పుచేతల్లో ఉంచుకోగలం, కాంతిని శోషించే శక్తిని ఎంచుకోగలం, సులువుగా ఎలక్ట్రాన్‌ను వదిలే గుణాన్ని పరికరాల్లో వాడుకోగలం.

అంతరం తెరవడానికి నాకు తెలిసినంతలో నమ్మదగిన దారులు రెండున్నాయి. మొదటిది ఎలక్ట్రాన్లను జతపరచడం. ఒక్కో ఖాళీలో వ్యతిరేక స్పిన్‌లతో (స్పిన్ అంటే ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే చిన్న అయస్కాంత గుణం) రెండేసి ఎలక్ట్రాన్లు చేరితే పట్టీ పూర్తిగా నిండుతుంది. దీనికి అతి స్పష్టమైన ఉదాహరణ ఖనిజం కాదు, సోడియం లోహం. దాన్ని సుమారు 200 గిగాపాస్కల్‌ల పీడనంతో నొక్కితే లోహపు మెరుపు పోయి పారదర్శకమైన బంధకంగా, అంటే విద్యుత్తును పారనివ్వని పదార్థంగా మారుతుందని యాన్మింగ్ మా తదితరులు 2009లో చూపించారు. పరమాణువుల మధ్య నుంచి నెట్టబడిన వేలన్సీ ఎలక్ట్రాన్లు జతలుజతలుగా ఖాళీల్లో బందీలవుతాయి. అంత పీడనం పరికరాలకు పనికిరాదు కాబట్టి, అదే పనిని చట్రం లోపలి ఆవేశాల అమరికతో సాధించాలి. రెండు ఆవేశాలున్న ఆక్సైడ్ అతిథిగా ఉన్న కాలువ ఇందుకు సహజంగా కుదురుతుంది; ఒక్కో ఆక్సైడ్ పోతే ఒక జత ఎలక్ట్రాన్లు మిగులుతాయి. 2015లో అపటైట్ నిర్మాణంలోని లాంథనం స్ట్రాన్షియం సిలికేట్‌ను ఒకే దిశలో సాగే కాలువల్లో ఎలక్ట్రాన్లు బందీలైన ఎలక్ట్రైడ్‌గా వర్ణించారు. ఆ దిశలో ఇంకా ఎంతో పని జరగాలని నేను బలంగా కోరుకుంటున్నాను.

రెండో దారి సోడలైట్‌ది. దాని పంజరంలో క్లోరైడ్ చుట్టూ నాలుగు సోడియం అయాన్లు చతుర్ముఖిగా నిలబడి ఉంటాయి. ఒక్కో పంజరం వాటాకు వచ్చే చట్రానికి మూడు యూనిట్ల రుణావేశం ఉంటుంది, నాలుగు సోడియంలు నాలుగు ధనావేశాలిస్తాయి, తేడా ఒకటి. ఆ ఒకటిని క్లోరైడ్ బదులు ఎలక్ట్రాన్ పూరిస్తే నాలుగు సోడియంలూ ఒకే ఎలక్ట్రాన్‌ను పంచుకుంటాయి. ప్రయోగశాలలో దీన్ని క్లోరిన్‌ను లాగి తయారుచేయలేదు; నీరూ క్లోరిన్ రెండూ లేని, పంజరానికి మూడేసి సోడియంలున్న సోడలైట్‌లోకి సోడియం ఆవిరిని పంపి నాలుగోదాన్ని చేర్చారు. ఆవిరి ఎక్కేకొద్దీ తెల్లని పొడి నీలంగా, ఆపై నల్లగా మారుతుంది. పంజరానికి ఒక్క ఎలక్ట్రాన్ అంటే పట్టీ సరిగ్గా సగం నిండినట్టు. పాఠ్యపుస్తకపు లెక్క ప్రకారం అది లోహం కావాలి. నిజానికి అది బంధకం. ఒకే పంజరంలోకి రెండో ఎలక్ట్రాన్ రావాలంటే చెల్లించాల్సిన వికర్షణ శక్తి చాలా ఎక్కువ కావడంతో ప్రతి ఎలక్ట్రాన్ తన పంజరంలోనే ఆగిపోతుంది. దీన్నే మాట్ బంధకం అంటారు. 48 కెల్విన్ కింద ఆ ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఘనపు మూలల్లో ఒకవైపు, మధ్యలో ఇంకొకవైపు తిరిగి యాంటీఫెర్రో అయస్కాంత క్రమంలో నిలుస్తాయి. అయస్కాంత గుణానికి పేరున్న పరమాణువు ఒక్కటీ లేని అల్యూమినోసిలికేట్‌లో ఈ క్రమం కనిపించడం నన్ను ఇప్పటికీ విస్మయపరుస్తుంది.

ఈ ఉదాహరణే గణనలోని లోతైన చిక్కును బయటపెడుతుంది. 1964, 1965 సంవత్సరాల్లో హోహెన్‌బెర్గ్, కోన్, షామ్‌లు వేసిన పునాది మీద నిలిచిన, ఎలక్ట్రాన్ సాంద్రత నుంచి పదార్థపు శక్తిని లెక్కగట్టే డెన్సిటీ ఫంక్షనల్ థియరీ మనందరి పనిముట్టు. దాని సాధారణ రూపాలు శక్తి అంతరాన్ని తక్కువచేసి చూపిస్తాయి, సిలికాన్‌కు 1.1 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు రావలసిన చోట సుమారు 0.6 వస్తుంది. పరమాణువులకు చెందిన ఎలక్ట్రాన్ల విషయంలో ఇది సరిదిద్దుకోగల లోపం. ఖాళీలోని ఎలక్ట్రాన్‌కు దీని దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది, ఎందుకంటే ఆ సుమారు పద్ధతి ఎలక్ట్రాన్‌ను దానితోనే అది వికర్షించుకుంటున్నట్టు పాక్షికంగా లెక్కించి, పంజరాలన్నిటి మీదా పలచగా పరిచేస్తుంది. స్పిన్‌ను వదిలేసి సోడలైట్‌ను లెక్కిస్తే లోహమని జవాబు రాక తప్పదు. మామూలుగా ఇలాంటి చోట ఒకే చోటునున్న ఎలక్ట్రాన్ల వికర్షణను లెక్కలో కలపడానికి వాడే హబ్బర్డ్ సవరణను పరమాణు కక్ష్యలకు తగిలిస్తారు. ఇక్కడ పరమాణువే లేదు కాబట్టి దాన్ని దేనికి తగిలించాలన్నదే సమస్య. పంజరం మధ్యలో నిలిచే వానియర్ ప్రమేయాలను (ఒక చోటనే కేంద్రీకృతమైన తరంగ ప్రమేయాలను) కట్టి వాటికి సవరణ చేయాలి, లేదా ఖర్చు భరించి, పై లోపాన్ని కొంత సరిదిద్దే హైబ్రిడ్ ఫంక్షనల్‌లతోనో, గ్రీన్ ప్రమేయాల ఆధారిత పద్ధతులతోనో లెక్కించాలి. పరమాణు కేంద్రిత ఆధార ప్రమేయాలు (తరంగ ప్రమేయాన్ని కూర్చే ముక్కలు) వాడేవాళ్లు ఖాళీ చోటులో కూడా కొన్నిటిని ఉంచకపోతే, ఉన్న ఎలక్ట్రాన్ కనిపించకుండానే పోవచ్చు. పరమాణువుల వారీగా స్థితి సాంద్రతను (ఏ శక్తి దగ్గర ఎన్ని ఎలక్ట్రాన్ స్థితులున్నాయో చెప్పే లెక్కను) విడగొట్టి గీసే అలవాటు ఇంకో ఉచ్చు. ఖాళీలోని వాటాను ఏ పరమాణువు ఖాతాలోనూ చూపకుండా ఆ రేఖాచిత్రం మాయం చేస్తుంది.

అందుకే వడపోత పద్ధతిని గురించి నాకు ఆదరమూ ఉంది, ఆక్షేపణా ఉంది. గత దశాబ్దంలో పలు బృందాలు మెటీరియల్స్ ప్రాజెక్ట్ లాంటి పదార్థాల సమాచార భాండాగారాల్లోని పదుల వేల సంయోగాలను స్వయంచాలకంగా జల్లెడపట్టి, ఎలక్ట్రాన్ స్థానీకరణ ప్రమేయం (ఎలక్ట్రాన్లు ఎక్కడ నిలకడగా ఉంటాయో చూపే కొలత) కేంద్రకాలకు దూరంగా ఎక్కడ శిఖరాన్ని తాకుతుందో వెతికి, కొత్త ఎలక్ట్రైడ్ అభ్యర్థులను గుర్తించాయి. ఎవరూ తిరిగి చూడని పాత సంయోగాలు అలా వెలుగులోకి వచ్చాయి. ఆ శ్రమకు నేను రుణపడి ఉన్నాను. లెక్క ముందు నడిచి ప్రయోగం వెనక వచ్చిన సందర్భమూ ఉంది: స్ట్రాన్షియం ఫాస్ఫైడ్‌ల నిర్మాణాలను జీవ పరిణామాన్ని అనుకరించే గణన పద్ధతిలో వెతికి, వాటిలో అర్ధవాహక ఎలక్ట్రైడ్‌ను 2017లో ప్రయోగంతో సరిచూశారు. అయితే జల్లెడ అడిగేది ఒక్కటే ప్రశ్న, ఈ నిర్మాణం ఉంటే అందులో ఎలక్ట్రాన్ ఖాళీలో ఉంటుందా అని. నిర్మాణం అలాగే ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

హైడ్రోజన్ సంగతి చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. ఎక్స్ కిరణాలకు హైడ్రోజన్ దాదాపు కనిపించదు. పై స్ట్రాన్షియం ఫాస్ఫైడ్‌కు ఉన్న మాంగనీస్ సిలిసైడ్ తరహా నిర్మాణ కుటుంబంలోనే, రెండు మూలకాలతో ఏర్పడ్డాయనుకున్న అనేక సంయోగాల్లో నిజానికి హైడ్రోజన్ చేరి ఉందని, కొన్ని ఆ హైడ్రోజన్ లేకుండా నిలవనే లేవని అయోవా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జాన్ కార్బెట్ బృందం ఏళ్ల తరబడి ఓపికగా నిరూపించింది. భాండాగారంలో నమోదైన అలాంటి నిర్మాణంలో హైడ్రోజన్ లేదు. కాబట్టి లెక్కలో ఆ చోటు ఖాళీగా, అందులో ఎలక్ట్రాన్ నిండుగా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్‌ను హాయిగా నిలుపుకునే పంజరం హైడ్రైడ్‌ను, అంటే రుణావేశం గల హైడ్రోజన్ అయాన్‌ను, ఇంకా హాయిగా నిలుపుకుంటుంది. మాయెనైట్ కూడా హైడ్రైడ్‌ను ఆనందంగా తీసుకుంటుందని మనకు 2002 నుంచే తెలుసు. కాబట్టి ఎలక్ట్రైడ్‌ను ప్రతిపాదించే ప్రతి గణన పత్రంలోనూ అదే ఖాళీలో హైడ్రైడ్, హైడ్రాక్సైడ్, ఆక్సైడ్, ఫ్లోరైడ్ ఉంటే శక్తి ఎంత తగ్గుతుందో, ఎంత తక్కువ హైడ్రోజన్ పీడనం వద్ద ఎలక్ట్రాన్ ఓడిపోతుందో రాయాలని అడుగుతున్నాను. ఇది పెద్ద లెక్క కాదు. నిషిద్ధ అంతరాన్ని హైబ్రిడ్ ఫంక్షనల్‌తో ఒకసారి లెక్కించే ఖర్చుతో ఇలాంటివి ఎన్నో చేయవచ్చు.

బయటికి పోయే దారి గురించి కూడా అంతే నిక్కచ్చిగా ఉండాలి. ఆనయాన్‌ను లాగేయడానికి బలమైన క్షయకారి, అంటే ఎలక్ట్రాన్లను ఇచ్చే పదార్థం కావాలి. కాల్షియం, టైటానియం, సోడియం ఆవిరి లాంటివి. అది అతిథిని లాగేంత బలంగా ఉండాలి, చట్రాన్ని చీల్చేంత బలంగా ఉండకూడదు. చట్రంలో ఇనుము లేదా టైటానియం ఉంటే ఆ ఎలక్ట్రాన్లను అవే మింగేస్తాయి కాబట్టి ఖనిజాల పట్టికలో చాలావాటిని కొట్టేయాల్సి వస్తుంది. ఫాస్ఫేట్ చట్రం ఫాస్ఫైడ్‌గా క్షయించే ప్రమాదం ఉంది. సిలికేట్ కొంత మేలు, అయినా కాల్షియం ఆవిరి ముందు సిలికాన్, ఆక్సిజన్‌ల బంధం నిశ్చింతగా నిలవదు. అల్యూమినేట్ అందుకు గట్టిది. మాయెనైట్ మొదట గెలవడం యాదృచ్ఛికం కాదు. అయాన్ ఒక పంజరం నుంచి మరోదానికి దూకడానికి దాటవలసిన శక్తి అవరోధాన్ని లెక్కిస్తే, క్లోరైడ్ లాంటి లావు అయాన్ సోడలైట్ కిటికీలోంచి దూరలేక చట్రం కూలే ఉష్ణోగ్రత వరకు ఉండిపోతుందా లేదా అన్నది ముందే తెలుస్తుంది.

పై పరీక్షలు చాలా కఠినమని, అంత వడపోస్తే మిగిలేది ఏమీ ఉండదని కొందరు మిత్రులు అంటారు. వారి భయం నాకు అర్థమవుతుంది. వడపోత తొలిదశలోనే ఇన్ని షరతులు పెడితే అనుకోని ఆవిష్కరణలకు తలుపు మూసినట్టవుతుంది. 2022లో స్కాండియం కార్బైడ్ పొరల నిర్మాణాన్ని తయారుచేసి అర్ధవాహక ఎలక్ట్రైడ్‌గా ప్రకటించారు. ఖనిజాలతో దానికి సంబంధం లేదు. కనుక తొలిదశలో వల విశాలంగానే వేద్దాం. కానీ ఒక సంయోగం పేరును ఎలక్ట్రైడ్ అని శీర్షికలో పెట్టే దశకు వచ్చేసరికి ఈ పరీక్షలు పూర్తయి ఉండాలి. ఎందుకంటే ఆ శీర్షిక చదివి నెలల తరబడి కొలిమి దగ్గర, నిర్వాత గొట్టాల దగ్గర కూర్చునేది లెక్కలు చేసిన మనం కాదు, సంశ్లేషణ చేసే సహోద్యోగులు.

వీటన్నిటినీ కలిపి ఎక్కడ పెట్టవచ్చో ఒక చోటు చూపిస్తాను. సహజంగా దొరికే మాయెనైట్‌ను మళ్లీ పరిశీలించినప్పుడు దాని పంజరాల్లో ఉన్నది ప్రధానంగా క్లోరిన్ అని తేలి, దానికి క్లోర్‌మాయెనైట్ అని పేరు మార్చారు. జపాన్‌లో మొదట గుర్తించిన వాదలైట్ దానికి దగ్గరి చుట్టం. యూనిట్ సెల్‌లో సగాన్ని, అంటే ఆరు పంజరాలను లెక్కలోకి తీసుకుంటే, ప్రతి పద్నాలుగు అల్యూమినియంలలో నాలుగింటి బదులు సిలికాన్ చేరడంతో చట్రం ధనావేశం రెండు నుంచి ఆరుకు పెరిగి, ఆరు పంజరాలకు ఆరు క్లోరైడ్‌లు సరిపోతాయి. ఒక్క పంజరమూ ఖాళీగా ఉండదు. అదే చట్రంలో సిలికాన్ పాలును (వాటాను) మార్చుతూ పోతే పంజరానికి మూడోవంతు ఎలక్ట్రాన్ నుంచి ఒక పూర్తి ఎలక్ట్రాన్ దాకా మనం కోరిన నింపును ఎంచుకోవచ్చు. ఒక కొసన మనకు తెలిసిన లోహ ఎలక్ట్రైడ్ ఉంది. రెండో కొసన సోడలైట్ లాంటి సగం నిండిన పట్టీ ఉంది. నడుమ ఏ పాలు దగ్గర ఎలక్ట్రాన్లు ప్రవాహం మాని పంజరాల్లో ఆగిపోతాయి? అక్కడ సిలికాన్ ఎంత క్షయకరణాన్ని తట్టుకుంటుంది? క్లోరైడ్‌ను ముందుగా ఆక్సైడ్‌గా మార్చుకుని ఆపై లాగితే అవరోధం ఎంత తగ్గుతుంది? అంతటా హైడ్రైడ్‌తో పోటీ ఎలా ఉంటుంది? సిలికాన్, అల్యూమినియంలు చట్రంలో క్రమం లేకుండా చెదిరి ఉంటాయి కాబట్టి ఒక్క యూనిట్ సెల్‌తో దీన్ని తేల్చలేం. అనేక అమరికలను పెద్ద సెల్‌లలో లెక్కించి సగటు తీయాలి. ఆ అమరికలను ఆవేశ విద్యుత్ శక్తి ఆధారంగా వరుసపెట్టి, అట్టడుగున ఉన్న కొన్నిటికే స్పిన్‌తో కూడిన హైబ్రిడ్ లెక్కలు చేస్తే పని మన కంప్యూటర్ల శక్తికి లోబడే ఉంటుంది. సిలికాన్ పాలును ఒక్కో మెట్టు చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టులోనూ హైడ్రైడ్ లెక్కను పక్కన పెట్టి, నేను ఇప్పుడు మొదలుపెడుతున్నది ఆ వరుసనే.